అరవై మీటర్లు

కొండ చరియ ఎక్కుతున్న మనిషి చేతిలో మడత రంపం చూసి యోరున్ ముందు నమ్మలేదు. కెమెరాకు ఆనించిన కన్ను తీసి ఒట్టి కళ్లతో చూసింది. రంపం ఆనలేదు కానీ మనిషి ఆనాడు. బూడిదరంగు కోటు, ఎర్ర ఊలు టోపీ. మళ్లీ కన్ను ఆనించింది. రంపమే.

ఆమె రాతి వెనక బోర్లా పడుకుని ఉంది. పొట్ట కింద నాచు, నాచు కింద కరగని మంచు. మోకాళ్లు ఎప్పుడో తిమ్మిరెక్కాయి. మే నెల సగానికి వచ్చింది. ఈ రోడ్డు మీద మంచు తోడి నాలుగు రోజులే అయింది. వెనక బారెంట్స్ సముద్రం రాళ్లను కొడుతూనే ఉంది. ఎదురుగా నల్లటి కొండ, కొండకు నడిమి ఎత్తులో ఒక అరుగు, అరుగు మీద ఏనాటిదో బొంతకాకి వదిలేసిన పుల్లల గూడు. ఆ గూటిలో ఈ ఏడు వేటడేగ గుడ్లు పెట్టింది. అరుగుకి ఉత్తరపు పక్క రాతి పగులులోంచి విల్లో పొద ఒకటి, మోకాలెత్తు కూడా లేనిది, అడ్డంగా పెరిగి గాలి తగలకుండా గూటిని కాస్తోంది.

మనిషి అరుగు చేరాడు. పొద మొదట్లో రంపం పెట్టి లాగాడు. ఇంత దూరానికి చప్పుడు వినబడదు కానీ చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడటం కనబడుతోంది. కొమ్మలు ఒకటొకటిగా కిందికి రాలాయి. ఇప్పుడు గూడు రోడ్డు వైపుకి బార్లా తెరుచుకుంది. మనిషి జేబులోంచి అరచేతిలో పట్టే కెమెరా ఒకటి తీసి, రాతి అంచుకు బిగించి, గూటి వైపు తిప్పి, వెనక్కి వాలి సరిచూసుకున్నాడు. తర్వాత ఒక చేత రంపం పట్టుకునే వంగి, గుడ్ల మీద రెండో చెయ్యి పెట్టాడు.

ఆడడేగ పైన చుట్లు కొడుతూ అరుస్తోంది. క్యాక్ క్యాక్ క్యాక్ అని, ఊపిరి తిప్పుకోకుండా.

యోరున్ మీట నొక్కింది. ఆరుసార్లు. ఆమెవి కిర్కెనెస్‌లో పళ్ల డాక్టరు పక్కన నిలబడి పదిహేడేళ్లుగా పనిముట్లు అందిస్తున్న చేతులు. ఆరింటిలో ఒక్కటి కూడా కదల్లేదు.

ఆరోదానికి మనిషి తల తిప్పాడు. ముఖం లెన్సు నిండా వచ్చింది. హల్వార్ ట్వైటెన్.

ఆమె చెయ్యి మీట మీదే ఆగిపోయింది. పక్షుల ఫోటోలు తీసే వాళ్లలో ఆయన పేరు తెలియని వాళ్లుండరు. పోయిన ఏడు వాద్సో గ్రంథాలయంలో గోడకు తగిలించిన ఆమె సముద్రపు బాతు ఫోటో ముందు ఆగి, "ఈ చేతికి ఓపిక ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట ఆమె శీతాకాలమంతా కప్పుకుని బతికింది. ఈ ఏడు సెప్టెంబరులో అక్కడ జరిగే ప్రదర్శనకు ఫోటోలు ఎంచేది ఆయనే.

పోవాలి అనుకుంది. వెనక్కి పాకుతూ కెమెరాను సంచిలో తోస్తుంటే మోచెయ్యి తగిలి ఒక పలకరాయి జారి టపటపా దొర్లింది.

అరుగు మీద మనిషి చప్పుడు వచ్చిన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, వీధిలో తెలిసిన వాళ్లు ఎదురైతే ఎత్తినట్టు, చెయ్యి ఎత్తాడు.

*

సైకిలు రోడ్డు పక్క తూము దగ్గర పడేసి ఉంది. దాన్ని లేపి, ఎర్ర సంచుల కొక్కేలు తగిలించి, ఎక్కి తొక్కడానికి ఎంతసేపు పట్టిందో యోరున్‌కు తెలియదు. గాలి ఎదురు. ఊరి మొగదాకా ముప్ఫై కిలోమీటర్లు. ఇల్లు లేదు, చెట్టు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. ఒక పక్క నిలువునా చీలిన రాళ్లు, ఒక పక్క సముద్రం, నడుమ ఒక్క బండి పట్టే దారి. ఏటా మే నెలలో వారం రోజులు సెలవు పెట్టి ఆమె ఈ దారికి వచ్చేది ఇందుకే, మనిషి ముఖం కనబడదని. ఆ మనిషి లేని దారే ఇవాళ ఆమె గొంతు పట్టుకుంది.

నాలుగో కిలోమీటరు రాయి దగ్గర వెనక ఇంజను వినబడింది.

తిరిగి చూడలేదు. దారి వదిలి ఒక పక్కకు ఒత్తుకుని తొక్కింది. బండి దాటిపోలేదు. పది గజాల వెనక, ఆమె వేగానికే, గురగురలాడుతూ వస్తోంది. నోరు ఎండిపోయింది. గట్టిగా తొక్కితే బండీ గట్టిగా వచ్చింది, మెల్లగా తొక్కితే మెల్లబడింది. ఎత్తు ఎక్కుతూ ఒక్కసారిగా గేరు మార్చింది. గొలుసు టక్కుమని ఊడి వేలాడింది.

దిగక తప్పలేదు. సైకిలు తిరగేయకుండానే వంగి గొలుసును పళ్ల మీదికి ఎక్కించబోయింది. వేళ్లు మాట వినలేదు. వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కంకర మీద అడుగులు.

"లే. నేను వేస్తాను" అన్నాడు హల్వార్.

ఆమె లేచి సైకిలును పట్టుకుని నిలబడింది. ఆయన మోకాలు వేసి కూర్చున్నాడు. రెండు వేళ్లతో గొలుసును కింది పళ్లకు తగిలించి, పెడల్ను చేత్తో వెనక్కి తిప్పాడు. గొలుసు దానంతటదే ఎక్కింది. జేబులోంచి గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"యోరున్ కదూ నువ్వు? సముద్రపు బాతు యోరున్."

"అవును."

"చేతులు వణుకుతున్నాయి నీకు."

"చలి."

"మరి. సున్నాకి రెండు పైన ఉంది, అంతే. ఈ గాలికి ఎదురు తొక్కుతూ పోతే సాయంత్రమవుతుంది. సైకిలు వాన్‌లో పడేద్దాం, దా."

"వద్దండీ. తొక్కుతాను."

"నేనేమన్నా కొరుకుతానా?"

"తొక్కుతాను" అంది మళ్లీ.

ఆయన నవ్వాడు. పళ్లు చక్కగా ఉన్నాయి. కింది వరసలో ఒకటి కట్టుడు పన్ను, మంచి పనివాడు చేసింది. అంత భయంలోనూ అది ఆమె కంటబడింది.

"సరే. జాగ్రత్త. గాలి ఒక్క ఊపు ఊపితే సముద్రంలోనే తేలతావు" అన్నాడు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు. వాన్ ఆమెను రాసుకున్నట్టుగా దాటి ముందుకు పోయింది.

ఆ తర్వాత ప్రతి మలుపూ ఆమెకు ఒక గండమైంది. మలుపు తిరిగితే వాన్ ఆగి ఉంటుందేమో. రెండు చోట్ల నిజంగానే ఆగి ఉంది. ఆయన బైనాక్యులర్‌తో సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు, ఆమె దాటుతుంటే తల కూడా తిప్పలేదు. తిప్పితేనే నయమనిపించింది.

వార్డో సొరంగం దగ్గర దారులు చీలే చోట ఫోను బతికింది. గోడ చాటుకు పోయి ప్రకృతి కాపలా ఆఫీసుకు ఫోను చేసింది. రిస్తెన్ అనే అమ్మాయి ఎత్తింది. ఎవరో బండి మీద పోతూ మాట్లాడుతున్నట్టు గాలి హోరు.

"వేటడేగ గూడా? ఎవర్ని చూశారు?"

యోరున్ రోడ్డుకు అటూ ఇటూ చూసింది. "వచ్చి చెబుతానండీ. ఫోటోలున్నాయి."

"నేను ఇవాళ లోతట్టున ఉన్నాను. రేపు పన్నెండుకి వార్డో ఆఫీసుకు రండి. కార్డు జాగ్రత్త. ఒకటి చెప్పండి, గుడ్లు ఎన్ని?"

"తెలియదండీ. మూడో నాలుగో."

"సరే. రేపు."

పేరు చెప్పాల్సింది అనుకుంది ఫోను పెట్టేశాక. మళ్లీ చేయలేదు.

*

కీబెర్గ్‌లో హెల్మీ ముసలమ్మ ఇంట్లో మేడ మీద గది ఆమెకు ఏటా ఉంటుంది. వాకిట్లోకి సైకిలు దించుతుండగా బూడిదరంగు వాన్ కనబడింది. వలలు ఆరేసే దండేల పక్కన, తీరిగ్గా, ఇంటికి ముఖం పెట్టి ఆగి ఉంది.

వెనక్కి తిరిగి పోదామా అనుకుంది. ఎక్కడికి? కాళ్లు కర్రలైపోయాయి. అంతలో తలుపు తెరుచుకుంది.

"వచ్చావా పిచ్చితల్లీ! గాలికి ఎగిరిపోయి రష్యాలో పడ్డావేమో అనుకున్నా" అంది హెల్మీ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు ఓడ సైరన్. "పక్షుల కోసం ఇంత దూరం తొక్కుకుంటూ రావాలిటే? మా పొగగొట్టం మీద సముద్రపు కాకులు కూర్చుని రోజూ రెట్టలేస్తున్నాయి. ఊరికే చూడు, డబ్బు కూడా అడగను."

"ఇంట్లో ఎవరున్నారు హెల్మీ పిన్నీ?"

"ఎవరో ఫోటోల పెద్దమనిషిట. టీవీలో కూడా వస్తాడుట. కింద గది ఇచ్చా. రా, కాడ్ చేప ఉడికింది, చల్లారితే జిగురైపోతుంది."

బల్ల దగ్గర హల్వార్ కూర్చుని ఉన్నాడు. తల తడి దువ్వుకున్నాడు. యోరున్‌ను చూసి సగం లేచి, "మేం కలిశాంలెండి దారిలో" అన్నాడు హెల్మీతో. హెల్మీ ఉడికిన చేప, చేప కార్జం, తొక్కతో ఉడికిన బంగాళదుంపలు మధ్యలో పెట్టింది. ఆయన దుంపను ఫోర్కుకు గుచ్చి కత్తితో తిప్పలు పడుతుంటే ఓర్చుకోలేక లాక్కుంది.

"ఇలా తే బాబూ. ప్రపంచమంతా తిరిగావన్నావు, దుంప తొక్క తీయడం ఎక్కడా నేర్పలేదా?"

"మీ అంత బాగా ఎవరికీ రాదు."

"చూశావుటే అమ్మాయ్, నా మొగుడు నలభై ఏళ్లలో అనని మాట ఈయన నాలుగు నిమిషాల్లో అన్నాడు!" హెల్మీ పడీపడీ నవ్వింది. యోరున్ నవ్వబోయింది. నోట్లో చేపముక్క కదల్లేదు.

కాఫీ తేవడానికి ముసలమ్మ లోపలికి వెళ్లింది. ఆయన తుండుతో పెదవులు అద్దుకుని, గొంతు తగ్గించాడు.

"పొద్దున తొమ్మిదికి ముందే నేను ఆ దారిలో పైకి వెళ్లాను. తూము పక్కన సైకిలు ఉంది, ఎర్ర సంచులతో. నా వాన్ ముందు అద్దానికి ఒక కెమెరా ఉంటుంది, దారంతా తీస్తూనే ఉంటుంది. నేను తిరిగి వచ్చేసరికి పదింబావు. సైకిలు అక్కడే ఉంది."

"అయితే ఏంటండీ?"

"గుడ్ల మీద చెయ్యి పెట్టాను. చూశావుగా నువ్వు." ఆయన తన అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి దాన్నే చూస్తూ అన్నాడు. "రాళ్లలా ఉన్నాయి యోరున్. చల్లగా. నేను కొండ ఎక్కక ముందునుంచే."

లోపల కాఫీ కెటిల్ మూత చప్పుడైంది.

"మీరు పొద కోశారు" అంది. గుసగుసగా వచ్చింది.

"కోశాను. తప్పే. గంటన్నర ఆ తల్లిని గూటికి రానీయకుండా అరవై మీటర్లలో పడుకోవడం కూడా తప్పే. చట్టం దగ్గర రెండూ ఒకే పేజీలో ఉంటాయి." ఆయన ముఖంలో కోపం లేదు. జాలి లాంటిదేదో ఉంది, అది ఇంకా భయం వేసింది. "నువ్వు నన్ను చూడలేదు. నేను నీ సైకిలు చూడలేదు. సెప్టెంబరులో నీ ఫోటో నడిమి గోడకు పెడదాం. సరేనా?"

ఆమె సరేనని అనలేదు. కాదని కూడా అనలేదు. హెల్మీ కాఫీతో వచ్చి, "ఏంటి గుసగుసలు? పెళ్లి మాటలా?" అంది.

"అలాంటివే" అన్నాడు హల్వార్.

*

గదిలో గడియ వేసి, కుర్చీ తెచ్చి తలుపుకు ఆనించింది. కిటికీలోంచి ఇంకా పట్టపగల్లా వెలుగు. మంచం అంచున కూర్చుని కెమెరా తెరిచింది.

అబద్ధం చెబుతున్నాడు. బెదిరిస్తున్నాడు. మొదటి ఫోటో నుంచి చూస్తే తెలిసిపోతుంది.

మొదటిది ఎనిమిదీ యాభై రెండు. డేగ గూటిలో కూర్చుని ఉంది, రొమ్ము ఈకలు పొంగించి, కళ్లు సగం మూసి. ఎనిమిదీ యాభై ఎనిమిది. తల ఎత్తింది. తొమ్మిదీ రెండు. మెడ సాగదీసింది. తల సరిగ్గా కెమెరా వైపే ఉంది. తొమ్మిదీ నాలుగు. లేచి నిలబడింది. కాళ్ల మధ్య నుంచి ఇటుకరంగు గుడ్లు కనబడుతున్నాయి. తొమ్మిదీ ఆరు. గూడు ఖాళీ.

యోరున్ ఆగింది. అప్పుడు ఏమనుకుందో బాగా గుర్తుంది. ఎగిరింది, అబ్బ, ఎంత అదృష్టం అనుకుంది.

ఆ తర్వాతివన్నీ ఎగురుతున్నవే. రెక్కలు విప్పి, మంచు మీద నీడ పడుతూ, తల మీదుగా దూసుకుపోతూ. ఒక్కటి, తొమ్మిదీ నలభైది, ఎదుటి రాతి మీద వాలి నోరు తెరిచి ఉంది. వెనక తెల్లటి మంచు, ముక్కు లోపలి గులాబీరంగు, కంటి చుట్టూ పసుపు గీత. పాతికేళ్లుగా సైకిలు తొక్కుతూ ఆమె తీసిన వాటిలో ఇంత మంచిది లేదు. సెప్టెంబరుకు ఇదే అని అక్కడ బోర్లా పడుకునే నిర్ణయించుకుంది.

పెద్దది చేసి చూసింది. తెరుచుకున్న నోరు. ఎండిన నాలుక. కెమెరాను వదలని కన్ను. అది పాట కాదు, వేట కాదు. ఇవాళ ముప్ఫై కిలోమీటర్లూ తాను మోసుకొచ్చిన ముఖమే అది.

హల్వార్ మొదట కనబడేది రెండు వందల తొమ్మిదో ఫోటోలో. పదీ ముప్ఫై ఒకటి. అప్పటికి గూడు ఖాళీ అయి గంటా పాతిక నిమిషాలు.

కింద గదిలో మంచం కిర్రుమంది. ఆయన అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. పాత చెక్క ఇల్లు, అన్నీ వినబడతాయి. అంటే తన మీటల చప్పుడు కూడా ఆయనకు వినబడుతుంది. ఆమె దుప్పటి తల మీదుగా కప్పుకుంది, కెమెరాతో సహా. పోలీసులు, పేపర్లో పేరు, డాక్టరు గదిలో కుర్చీ మీద నోరు తెరుచుకుని కూర్చున్న వాళ్లంతా తన వైపే చూడటం, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆరు ఫోటోలు చాలు కదా. ఆరింటిలో ఆయన ఉన్నాడు, రంపం ఉంది. మిగతావి ఎవరికి కావాలి?

ఒకటి నుంచి రెండు వందల ఎనిమిది దాకా ఎంచింది. చెరపమంటావా అని తెర అడిగింది. నొక్కింది. నొక్కాక అరనిమిషం పాటు గీత ఒకటి మెల్లగా నిండింది.

*

పొద్దున దిగేసరికి వాన్ లేదు.

"ఆరింటికే పోయాడు" అంది హెల్మీ. "కాఫీ కూడా తాగలేదు. నీకు శుభం చెప్పమన్నాడు. ఏంటే ఆ ముఖం? జ్వరమా?"

"లేదు పిన్నీ."

"మరి తిను. తినకుండా సొరంగంలోకి పోతే ఎత్తు ఎక్కలేక అక్కడే కూలబడతావు."

సముద్రం కింద నుంచి వార్డో దీవికి పోయే సొరంగం దాదాపు మూడు కిలోమీటర్లు. సగం దాకా దిగుడు, సగం నుంచి ఎక్కుడు. లోపల చలి బయటి చలి కాదు, తడిసిన గోనెలాంటిది. గోడల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడొచ్చినా యోరున్‌కు ఇది ఇష్టం లేదు. ఇవాళ దీపం వెలిగించి దిగుడులో బ్రేకులు పట్టుకుని పోతూ వెనక చప్పుడు కోసమే చెవులు రిక్కించింది.

అడుక్కి చేరిందో లేదో వచ్చింది. మొదట ఈల లాగా, తర్వాత ఉరుము లాగా. సొరంగంలో ఏ బండైనా అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. సైకిలు దిగి గోడకు వీపు ఆనించింది. నీళ్లు మెడలోంచి వీపులోకి పాకాయి. దీపాలు పెద్దవయ్యాయి. కళ్లు మూసుకుంది. గాలి ఒక్క తోపు తోసి దాటిపోయింది. చేపల లారీ. ఐసు నీళ్లు కార్చుకుంటూ, వాసన వదులుకుంటూ పైకి పోయింది.

గోడకు ఆనుకునే చాలాసేపు నిలబడింది. ఆరు ఫోటోలు చూపిస్తాను, పేరు చెబుతాను, వచ్చేస్తాను అని పైకే అనుకుంది. పాఠం ఒప్పజెప్పినట్టు మళ్లీ అనుకుంది. తర్వాత సైకిలును తోసుకుంటూ ఎత్తు ఎక్కింది. తొక్కే బలం లేదు.

ఆఫీసు రేవు పక్కన రెండు గదుల కొట్టం. రిస్తెన్‌కు ముప్ఫై దాటి ఉంటాయి. లోతట్టు సామీ తెగ పిల్ల, పొట్టిగా, ఎండకు కమిలిన బుగ్గలు. బూట్లకు బురద ఇంకా ఆరలేదు. కుర్చీ చూపించి, యోరున్ నోరు తెరవక ముందే బల్ల మీద ఒక కాగితం తిప్పి పెట్టింది.

తూము. కంకర. పక్కకు పడి ఉన్న సైకిలు. ఎర్ర సంచులు. మూలన అంకెలు, ఎనిమిదీ యాభై ఆరు.

"ఇది మీదేనా?"

"నాదే."

"పొద్దున ఏడున్నరకి ఒకాయన నా ఇంటికే వచ్చి ఇచ్చి వెళ్లాడు. ఒక సైకిలు ఆవిడ గంటన్నర పైన గూటి దగ్గర ఉందని. ఆవిడ పోయాక చూస్తే పొద కోసి ఉందని. గూటి పక్కన ఒక కెమెరా కూడా బిగించి ఉందట, అదీ ఆవిడదే అయ్యుండొచ్చని."

"నేను కాదు!" అరిచినట్టు వచ్చింది. "నా దగ్గర ఉన్నాయి. చూడండి. చూడండి."

కెమెరా తీసి ఇచ్చింది. రిస్తెన్ ఆరు ఫోటోలూ ఒక్కోటి పెద్దది చేసి చూసింది. రంపం దగ్గర ఆగింది. ముఖం దగ్గర ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి, కళ్లు చికిలించి తెర మూల చూసింది.

"ఇది రెండు వందల తొమ్మిది. దీనికి ముందువి?"

గోడ గడియారం కొట్టుకుంటోంది. పాత కార్డులో ఉన్నాయి అనొచ్చు. లెక్క తప్పింది అనొచ్చు. అమ్మాయి నమ్మేలాగే ఉంది. రెండు మాటలూ నాలుక మీదికి వచ్చాయి.

"రాత్రి చెరిపేశాను" అంది యోరున్.

"ఎందుకు?"

"భయమేసింది."

"ఆయనంటేనా?"

"ముందు ఆయనంటేనే." తల ఎత్తలేదు. "ఆయన వచ్చేసరికే గూడు ఖాళీ అయి గంట దాటింది. నేనే లేపాను. లేపానని తెలియను కూడా తెలియలేదు. ఎగురుతోంది కదా అని తీస్తూ పోయాను."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"అరవై మీటర్లు. ఇంకా తక్కువేమో."

రిస్తెన్ పెన్ను కింద పెట్టింది. తిడుతుందని యోరున్ కాచుకుంది. ఆమె తిట్టలేదు. కాఫీ పోసి ముందుకు జరిపింది.

"చూడండి. చెరిపినవి కార్డులోంచి మళ్లీ తీయొచ్చు, దాని మీద కొత్తవి తీయకపోతే. కానీ కార్డు మీరు ఇస్తేనే. ఈ ఆరూ నకలు ఇచ్చి వెళ్లిపోతే ఆయన మీద కేసు రాస్తాను. కార్డే ఇస్తే మీ మీద కూడా రాయాలి. జరిమానా పడుతుంది, చిన్నది కాదు. ఆయనకు వకీళ్లుంటారు. మీకు?"

"ఎవరూ లేరండీ."

"ఆలోచించుకోండి. నేను బయట ఉంటాను."

"ఉండండి" అంది యోరున్.

కెమెరా అడుగు మూత తీసింది. కార్డును గోటితో లాగబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారి వచ్చింది. పంటి మీద పింగాణీ తొడుగు పెట్టేటంత జాగ్రత్తగా దాన్ని బల్ల మీద పెట్టి, వేలితో అవతలికి తోసింది.

రిస్తెన్ దాన్ని కవరులో వేసి, అంటించి, పైన తేదీ రాసింది. రాస్తూ అంది, "ఆయన వచ్చేదాకా పొద ఉందనడానికి సాక్ష్యం మీరు చెరిపిన వాటిలోనే కదా ఉంటుంది. అది తట్టలేదా?"

తట్టలేదు. యోరున్‌కు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

*

మర్నాడు పొద్దున రిస్తెన్ ఆమెను జీపులో ఎక్కించుకుంది. ఎక్కడ పడుకుందో చూపించాలి. సైకిలు వెనక కట్టారు. తూముకు చాలా ఇవతల, దాదాపు కిలోమీటరు దూరంలో, రోడ్డు వెడల్పైన చోట జీపు ఆపి, రిస్తెన్ దిగకుండానే కిటికీ అద్దం మీద దుర్భిణి బిగించింది. చాలాసేపు చూసింది.

"కూర్చుంది" అంది.

"వచ్చిందా? గూటిలోకి?"

"చూడండి."

గుండ్రటి అద్దంలో, చేతి గోరంత, బూడిదతెలుపు వీపు. పొద లేని వైపు నుంచి గాలి తిన్నగా కొడుతోంది. ఈకలు లేచి, పడి, లేస్తున్నాయి. డేగ గాలికి తల వంచి, గూటికి అతుక్కుపోయినట్టు కూర్చుంది.

"అయితే బతుకుతాయా?"

"తెలియదు. చచ్చిన గుడ్ల మీదైనా కూర్చుంటుంది. వాటికి తెలియదు కదా. పది రోజులు, పదిహేను రోజులు, తిండి మానేసి కూర్చుంటుంది." రిస్తెన్ చీటీ మీద టైము రాసుకుంది. "పిల్లలు వచ్చే దాకా, లేదా అదే వదిలేసే దాకా ఎవరూ పైకి పోకూడదు. ఆయన కెమెరా కూడా అక్కడే ఉంటుంది అప్పటిదాకా. నేనూ పోను."

యోరున్ తాను పడుకున్న రాయిని చేత్తో చూపించింది. ఇంత దూరం నుంచి చూస్తే రాయి గూటి కిందే ఉన్నట్టుంది. అంత దగ్గరికి ఎలా పోయిందో ఆమెకే అర్థం కాలేదు.

కాగితం మీద సంతకం పెట్టింది. రిస్తెన్‌కు ముందున్న పల్లెలో పనుంది. సైకిలు దించి, సంచులు తగిలించి, చెయ్యి కలిపి, జీపు పోయింది. యోరున్ ఒక్కతే రోడ్డు మీద మిగిలింది. గాలి ఇవాళ వెనక నుంచి ఉంది. తొక్కితే గంటన్నరలో సొరంగం.

పెడల్ మీద కాలు పెట్టబోతుండగా ఒక కారు వచ్చి పక్కనే ఆగింది. నలుగురున్నారు. ముందున్న ఆయన దిగాడు. మెడలో బైనాక్యులర్, భుజాన ఆమెది కన్నా రెండింతల పొడవు లెన్సు. దక్షిణాది యాస.

"నమస్కారం! ఇందాక మీరూ ఆ జీపావిడా ఆ కొండ వైపు చూస్తున్నారు. ఏమన్నా ఉందా?"

వెనక సీటులోంచి ఇంకొకాయన అద్దం దించాడు. "ఈ చుట్టుపక్కలే వేటడేగ ఉందని విన్నాం. ట్వైటెన్ గారి మనిషి చెప్పాడు."

నలుగురు మగవాళ్లు. ఒంటరి దారి. యోరున్ సైకిలును వాళ్లకూ కొండకూ నడుమకు తోసి, స్టాండు వేసింది.

"ఏమీ లేదు" అంది.

"మరి అంతసేపు చూశారే?"

"రాళ్లు. కొండ జారుతోందని కొలవడానికి వచ్చింది ఆవిడ. ఇక్కడ ఆపకూడదు, పైనుంచి పడుతున్నాయి. ముందు పల్లె దాకా ఎక్కడా ఆపకండి."

ఆయన కొండను చూశాడు, ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పలేదు.

"అలాగా. థాంక్స్ అండీ" అని ఆయన ఎక్కాడు.

కారు తూము దాటింది, మలుపు తిరిగింది, చప్పుడు ఆగిపోయింది. ఆమె కదల్లేదు. అటు నుంచి ఇంకో బండి వస్తున్నట్టుంది. స్టాండు తీయకుండా అక్కడే నిలబడింది.